పిలుపు లేని పేజీ

మార్చి 3

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నేను కులాసా. అబ్బాయి లారీ ఏ రోడ్డున ఉందో తెలియదు. ఇంటికి వస్తే నేను అడిగానని చెప్పు.

నా సంతోషం నీకు తెలుపుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను. నాకు ఫోన్లో వినపడదు. ఫోన్లో అక్షరాలు చీమల్లా ఉంటాయి. అది కనిపెట్టి కొట్లో కంప్యూటర్లో నాకంటూ ఒక పేజీ చేసిపెట్టావు. తెరవగానే పెద్ద అక్షరాలతో ఆ రోజుకి నీ మాట ఒకటి కనపడుతుంది. పొద్దున తలుపు తీస్తే ముందు నీ మాట, తర్వాతే కుట్టుమిషన్లు. మిషన్లు బాగుచేసుకునేవాడికి ఇంత భోగం ఎక్కడుంటుంది.

ఇప్పుడు ఆ పేజీకి రంగులు కూడా వేశావు. బొమ్మలు కదులుతున్నాయి. ఒకటి మూస్తే రెండు వస్తున్నాయి. నాకోసం ఇంత శ్రమ ఎందుకమ్మా.

మోకాళ్ళ నొప్పికి నూనె రాయమన్నావు. నా మోకాళ్ళ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఎలా పసిగట్టావో. నువ్వు చెప్పిన నూనె ఇక్కడ దొరకలేదు. ఇంట్లో ఉన్నది రాస్తున్నాను. మిషన్ నూనె కాదులే, కంగారుపడకు. జుట్టు మొలిచే మందు గురించి కూడా పెట్టావు. ఈ వయసులో నేను మళ్ళీ దువ్వెన వెతుక్కోవాలా? నీ మాట కాదనలేక ఆలోచిస్తున్నాను.

కంప్యూటర్ ప్రమాదంలో ఉందని ఎర్ర అక్షరాలతో హెచ్చరించావు. నొక్కమన్నచోట నొక్కాను. ఫోన్ చేయమని నంబరిచ్చావు. నాకు వినపడదన్న సంగతి మర్చిపోయినట్టున్నావు. చేయలేదు. కోపం తెచ్చుకోకు.

అది ఈమధ్య బాగా నెమ్మదించింది. పంతులమ్మగారు ఒక పాతకాలం చేతిమిషన్ తెచ్చి ఇచ్చారు. దాని లోపలి భాగాల బొమ్మ కోసం కంప్యూటర్లో వెతికాను. దొరికింది. అప్పటినుంచి అలిసిపోయినట్టుంది.

కొట్లో చోటు లేదు. మీ అత్తయ్య కూర్చునే స్టూలు మీద కూడా మిషన్ తలకాయలు పేర్చాను.

పేజీ పైన "మామయ్యగారూ" అని పిలిచేదానివి. ఇప్పుడు "ఈ రోజు మీ కోసం" అని ఉంటోంది. పనుల్లో ఉన్నావనుకున్నాను.

మీ మామయ్య

* * *

మార్చి 8

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరానికి పేజీలోనే జవాబు రాసేదాన్ని. ఎందుకో కాగితం మీద రాయాలనిపించింది.

నూనె ఏమిటో, జుట్టు మందు ఏమిటో నాకు అంతుపట్టలేదు. మీ అబ్బాయికి చదివి వినిపించాను. "నాన్న జోకులేస్తున్నాడే! మన పెళ్ళిలో భోజనాలప్పుడు కూడా నోరు విప్పని మనిషి!" అని పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. రంగులు నేనేమీ వేయలేదు మామయ్యగారూ. కళ్ళజోడు మార్పించుకున్నారు కదా, ఇన్నాళ్ళూ కనపడనివి ఇప్పుడు కనపడుతున్నాయేమో.

కానీ ఒక సంగతి అడగాలి. మొన్న ఆదివారం పేజీలో ఒక పెద్ద మాట రాశాను. అది రోజూ చెప్పే పక్కింటి పిల్లి కబురు లాంటిది కాదు. రాసి, చెరిపి, మళ్ళీ రాశాను. దాని గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. మీ ఉత్తరం అంతకుముందే పోస్టులో పడిందేమో. తొందరేమీ లేదు. ఆలోచించుకుని మీకు ఎలా తోస్తే అలా చెప్పండి.

ఇక్కడ ప్రెస్సులో పనులు పల్చబడ్డాయి. పేజీలు పేర్చే బల్లలు చాలా ఖాళీ అయ్యాయి. కుర్చీలు గోడవారగా నిలబెట్టారు. నేను వాటివంక చూడకుండా పని చేసుకుంటున్నాను.

మీ కోడలు

* * *

మార్చి 13

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ఆదివారం మాట ఆదివారమే చదివాను. నేను మర్చిపోతానని కాబోలు, రోజూ అదే పెడుతున్నావు. జవాబు రాయడానికి చెయ్యి రాలేదు, అంతే.

నువ్వు చెప్పింది సబబుగానే ఉంది. కొట్టు వదిలేస్తాను.

పక్కకొట్టు బట్టలాయన ఎప్పటినుంచో అడుగుతున్నాడు. చంకలో మూరబద్ద లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. అందుకని వీధంతా మూరబద్ద అనే పిలుస్తారు. ఆయన మధ్యగోడ కొట్టించి తన కొట్టు వెడల్పు చేసుకుంటాడట. నిన్న వచ్చి నా చెవి దగ్గర అరిచాడు.

"ఏం పెద్దాయనా! ఆఖరికి ఏమంటారు?"

"మా అమ్మాయి కూడా అదే అంటోంది," అన్నాను.

"కోడలంటే అలా ఉండాలండీ! మా ఇంట్లోనూ ఉన్నారు, ఎందుకు!" అన్నాడు.

వచ్చే నెల పదో తారీఖున తాళంచెవులు ఇస్తానన్నాను. కాగితాలు కూడా ఆ రోజే.

మీ అత్తయ్య ఉన్నన్నాళ్ళూ "కాదు", "వద్దు" అనే మాటలు ఆమె చూసుకునేది. గుమ్మం దగ్గర ఆ స్టూలు మీద కూర్చుని, "ఇవాళ కుదరదు," "దీనికి ఆయుష్షు తీరింది, పట్టుకుపోండి," అనేది. నేను తల ఎత్తే పనే ఉండేది కాదు. ఆమె పోయాక నేను వచ్చినవాళ్ళందరికీ సరే అంటున్నాను. అందుకే కొట్లో చోటు లేదు.

విశ్రాంతి తీసుకోమన్నావు. తీసుకుంటాను. పొద్దున లేచి ఎటు నడవాలో మాత్రం ఇంకా తోచడం లేదు. అదీ అలవాటవుతుంది. నా గురించి ఇంత ఆలోచించే మనిషి ఉన్నందుకు నేను అదృష్టవంతుణ్ణి.

మీ మామయ్య

* * *

మార్చి 18

గౌరవనీయులైన మామయ్యగారికి,

మీ ఉత్తరం అందింది.

నేనడిగింది చిన్న కోరిక. నాకది చిన్నది కాదు, కానీ మీకు చిన్నదే అనుకున్నాను. "వద్దమ్మా" అని ఒక్క ముక్క రాస్తే నాకు అర్థమయ్యేది. ఆకు అడిగితే చెట్టే కొట్టేస్తున్నారు.

మీ అబ్బాయి ఏమన్నారంటే, "నాన్న పుట్టాక ఎవరికీ కాదనలేదు. నీకు కాదన్నాడంటే గట్టి కారణమే ఉంటుంది," అన్నారు. ఆ కారణం అడిగే చనువు నాకుందో లేదో తెలియడం లేదు. పెద్దవారిని అడగకూడనిది అడిగినట్టున్నాను. మన్నించండి.

రోజూ పేజీలో నా కబుర్లు కూడా మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి. మానేస్తాను.

నమస్కారాలతో,
కోడలు

* * *

మార్చి 22

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నిన్ను నొప్పించాను. ఎక్కడ నొప్పించానో తెలియలేదు.

నేను నీకు కాదనలేదు. నువ్వు చెప్పిందే చేస్తున్నాను. నాది ఊరిబడి చదువు. తప్పుగా చదివానేమో. అందుకని నువ్వు రాసింది ఉన్నదున్నట్టు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. చూసి దిద్దు.

"ఈ రోజు మీ కోసం! వయసు మీద పడుతోందా? ఇంకా ఎన్నాళ్ళు ఈ చాకిరీ? మీ దుకాణం, మీ స్థలం నేడే అమ్మేయండి! హాయిగా విశ్రాంతి తీసుకోండి! మీ కుటుంబం కోరేది అదే! ఇక్కడ నొక్కండి. షరతులు వర్తిస్తాయి."

"మీ కుటుంబం కోరేది అదే" అన్నచోట ఆగాను. ఆ తర్వాత ఇంకేం ఆలోచించలేదు.

షరతులేమిటో రాయలేదు నువ్వు. నీ షరతులు ఏవైనా నాకు సమ్మతమే.

పేజీ మానకమ్మా. పైన నన్ను పిలవకపోయినా ఫరవాలేదు.

మీ మామయ్య

* * *

మార్చి 26

మామయ్యగారూ! మామయ్యగారూ! మామయ్యగారూ!

ఇన్నాళ్ళూ మీకు వినపడని పిలుపులన్నీ కలిపి ఒకేసారి పిలుస్తున్నాను.

అది నేను కాదు. నూనె నేను కాదు, జుట్టు నేను కాదు, ఎర్ర అక్షరాలు నేను కాదు. కొట్టు అమ్మమన్నది అసలే నేను కాదు.

మీ కంప్యూటర్లో దొంగ ప్రకటనల సరుకు చేరింది. యాడ్‌వేర్ అంటారు దాన్ని. మీరు పేజీలు చూసే బ్రౌజర్ ఉంది కదా, దాన్ని పట్టుకుని నా పేజీని పక్కకు నెట్టి తన పేజీని కూర్చోబెట్టింది. అద్దెకు వచ్చినవాడు ఇంటాయన్ని అరుగు మీదకు గెంటినట్టు. మీ పేజీ ఎక్కడికీ పోలేదు. నేను రోజూ రాస్తూనే ఉన్నాను. మీరు చదువుతున్నది మాత్రం ముక్కూ మొహం తెలియని వ్యాపారి ఎవడో అందరి చెవుల్లోనూ అరిచే అరుపు. వాడికి మీ మోకాళ్ళ సంగతీ తెలియదు, నా సంగతీ తెలియదు.

మీ ఉత్తరం మీ అబ్బాయికి చదివాను. "నీ షరతులు ఏవైనా సమ్మతమే" దగ్గర ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆయన లేచి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డారు.

ఆ నంబరుకు మీరు ఫోన్ చేసి ఉంటే కంప్యూటర్ మొత్తం తమ చేతిలో పెట్టించుకునేవారు. మీ చెవులు ఇన్నాళ్ళకు మనకో ఉపకారం చేశాయి.

ఇప్పుడు ఇలా చేయండి. ముందు నెట్టు తీగ పీకేయండి. ఎర్ర అక్షరాలు ఎంత గోల చేసినా వాటి జోలికి పోకండి. వాటి మూల ఉండే మూసే గుర్తు కూడా దొంగదే కావచ్చు, కాబట్టి బ్రౌజర్ మొత్తాన్ని మూసేయండి. తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళితే యాప్స్ అని ఉంటుంది. వాటిని తేదీల వరసన పెట్టండి. పంతులమ్మగారి మిషన్ బొమ్మ వెతికిన రోజునుంచి వచ్చిన కొత్త మొహాలన్నిటినీ అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఏది కొత్తదో తేలకపోతే ఆపి నాకు పేరు రాయండి. "నిజంగా పొమ్మంటారా?" అని జాలి పుట్టేలా అడుగుతాయి. అవుననండి.

ఆ తర్వాత బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌టెన్షన్లు అన్నచోట మీరు పెట్టుకోనివి తీసేయండి. నోటిఫికేషన్లు అన్నచోట ఎవరెవరికి అనుమతి ఇచ్చారో వరసగా ఉంటుంది. అందరికీ రద్దు చేయండి. తెరవగానే ఏ పేజీ రావాలో అడిగే గడిలో వాడి చిరునామా చెరిపి, ఈ ఉత్తరం వెనకవైపు రాసిన నా పేజీ చిరునామా పెట్టండి. వెతుకులాటకు ఏది వాడాలో అడిగే చోట కూడా పాతదే పెట్టండి. అన్నీ అయ్యాక నెట్టు తగిలించండి. అసలు ఇదంతా ఎలా దూరిందో కూడా రాయండి.

ఇక ఆదివారం నేనడిగిన మాట. అది ఈ ఉత్తరంలో చెప్పను. చెబితే మీరు సరే అంటారు. మీరు అందరికీ సరే అంటారు, మూరబద్దాయనకు కూడా అన్నారు. నాకు ఆ సరే వద్దు. మీ కొట్టు మీకు కావాలో వద్దో ముందు మీరు తేల్చుకోండి. కావాలనుకుంటే ఆ మాట ఆయనతో మీరే అనండి. మీ అబ్బాయి వచ్చి మాట్లాడతానని బయల్దేరారు, నేనే ఆపాను. మీ సంగతి తేలాక పేజీ తెరవండి. నా మాట అక్కడే ఉంటుంది.

మీ కోడలు

* * *

మార్చి 31

తల్లీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం కొట్లో కూర్చుని రెండుసార్లు చదివాను. తర్వాత నవ్వొచ్చింది. పంతులమ్మగారు మిషన్ కోసం వచ్చి, నేనొక్కణ్ణే నవ్వుకోవడం చూసి, "మళ్ళీ వస్తాలెండి," అని వెనక్కి తిరిగారు.

అమ్మమన్నది నువ్వు కాదు. ఈ ఒక్క ముక్క చాలు నాకు. మిగతాదంతా మెల్లగా చేసుకుంటాను.

ఎలా దూరిందని అడిగావు. మిషన్ బొమ్మ ఉచితం అని ఉంది. చూడాలంటే ఏదో దించుకోమంది. దించుకుంటుంటే గళ్ళు వచ్చాయి. అన్నిట్లోనూ ముందే టిక్కులు పెట్టి ఉన్నాయి. ఎవరో పెట్టిన టిక్కులు మనం తీసేస్తే ఏం బాగుంటుందని ఉంచేశాను. తర్వాత "నెక్స్ట్" అంది, నొక్కాను. మళ్ళీ అంది, మళ్ళీ నొక్కాను. "మీకు కబుర్లు పంపవచ్చా?" అని అడిగింది. పంపమన్నాను. మర్యాదగా అడిగింది మరి.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఒకణ్ణి రానిస్తే వాడి చుట్టాలందరూ దిగారు. కూపన్లిచ్చేవాడట ఒకడు. వాతావరణం చెప్పేవాడట ఇంకొకడు. కంప్యూటర్ శుభ్రం చేస్తానని చేరినవాడే అందరికన్నా ఎక్కువ చోటు తిన్నాడు. పొమ్మంటే ఏడుపుమొహం బొమ్మ పెట్టి, "మమ్మల్ని వదిలేస్తారా?" అన్నాడు. చెయ్యి ఆగిపోయింది. మీ అత్తయ్య అయితే ఏమనేదో తల్చుకున్నాను. "ఆయుష్షు తీరింది, పో," అనుకుని నొక్కాను. పోయాడు. నాకేమీ కాలేదు.

కంప్యూటర్ తేలికపడింది. కిందపెట్టెలో ఇరుక్కున్న దారపు చిక్కు లాగేసిన మిషన్‌లా నడుస్తోంది.

కానీ అమ్మాయీ, తెరిస్తే మళ్ళీ వాడే. "ఈ రోజు మీ కోసం." సెట్టింగ్స్‌లో చూశాను, నీ చిరునామానే ఉంది. నువ్వు రాసిన అక్షరాలతో ఒక్కొక్కటీ పోల్చుకున్నాను. అంతా సరిగ్గానే ఉండి కుట్టు తప్పుతుంటే సూదివంక చూడాలి. ఇక్కడ సూది ఏదో నాకు తెలియదు.

కొట్టు నాకు కావాలో వద్దో తేల్చుకోమన్నావు. ఇంతవరకూ నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. "ఇస్తారా" అనే అడిగారు. ఆలోచిస్తున్నాను. నిన్న మూరబద్ద వచ్చి మధ్యగోడ మీద సుద్దముక్కతో గీత గీశాడు, ఎంతవరకు పడగొట్టాలో గుర్తుగా. నేను నూనెబుడ్డి పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. పదో తారీఖు దగ్గరకొచ్చేస్తోంది.

మీ మామయ్య

* * *

ఏప్రిల్ 4

మామయ్యగారూ, నమస్కారాలు.

మీరు సూది అనగానే నాకు తట్టింది. నేనే మర్చిపోయాను. బ్రౌజర్ తెరవడానికి తెర మీద ఒక బొమ్మ నొక్కుతారు కదా, సూది అదే. ఆ బొమ్మ మీద మౌస్ కుడిబొత్తం నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. టార్గెట్ అనే గడిలో ఒక పొడుగు వరస ఉంటుంది. దాని చిట్టచివర వాడి చిరునామా తోకలా వేలాడుతుంటుంది. ఆ తోక ఒక్కటీ చెరిపేయండి. చేతకాకపోతే ఆ బొమ్మనే తీసిపారేసి కొత్తది పెట్టుకోండి. తర్వాత కంప్యూటర్‌తో పాటే వచ్చిన సెక్యూరిటీ ఉంటుంది, దానితో మొత్తం ఒకసారి వెతికించండి. ఇంకో శుభ్రం చేసేవాణ్ణి మాత్రం పిలవకండి.

ఇకముందు ఏం దించుకోవాలన్నా అది తయారుచేసినవాళ్ళ సొంతచోటు నుంచే దించుకోండి. గళ్ళలో ముందే టిక్కులుంటే తీసేయండి. అవి మర్యాదస్తులు పెట్టినవి కావు. కబుర్లు పంపవచ్చా అంటే వద్దనండి. ఆ "వద్దు" ఎవరి మనసూ నొప్పించదు. అవతల మనిషే లేడు మామయ్యగారూ.

మూరబద్దాయన మాత్రం మనిషే. అక్కడ కష్టమని నాకు తెలుసు. అందుకే ఏమీ చెప్పడం లేదు.

పెళ్ళైన కొత్తల్లో నేను మొదటిసారి మీ కొట్టుకు వచ్చిన రోజు గుర్తుందా? అత్తయ్యగారు వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతున్నారు. మీరు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఈయనకు నేను నచ్చలేదేమో అనుకుంటున్నాను. అంతలో మీరు కింది దారం చుట్ట ఉండే బాబిన్ కేసు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. మిషన్ కింద ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు. పెట్టాను. టక్‌మంది. మీరు తల ఊపి వెళ్ళిపోయారు. నన్ను ఈ ఇంట్లోకి రమ్మన్న చప్పుడు నాకు అదే.

మీ కోడలు

* * *

ఏప్రిల్ 10

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న సాయంత్రమే అందింది. సూది పని ఈ రోజు దాకా ఆపాను. ముందు కొట్టు సంగతి తేలాలన్నావు. ఆ వరస తప్పించాలనిపించలేదు.

పొద్దున కొట్టు తెరిచి కూర్చున్నాను. ఇవాళ ఆఖరిసారి అనుకుని చూశాను. బల్ల మీద స్క్రూడ్రైవర్లు చూశాను. నా మోచెయ్యి ఆనేచోట బల్ల నున్నగా అరిగి ఉంది. అది చూశాక ఇంకేం ఆలోచించలేదు.

మూరబద్ద కాగితాలు పట్టుకుని వచ్చాడు.

"ఏం పెద్దాయనా! తాళంచెవులు తీయండి!"

"వద్దు," అన్నాను.

నా గొంతు నాకే వినపడదు. ఆయనకూ వినపడినట్టు లేదు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఆఁ? ఏమిటీ? గట్టిగా చెప్పండి!" అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి.

గట్టిగానే చెప్పాను. ఎదురుగా చెప్పులు కుట్టేవాళ్ళు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు అందరూ తిరిగి చూశారు.

"కోడలు మాట మార్చిందా ఏమిటి?" అన్నాడు.

"మా కోడలు ఆ మాట అననేలేదు. వద్దంటున్నది నేను."

"మాటిచ్చారు కదండీ!"

"ఇచ్చాను. తప్పు నాదే. మన్నించండి. కొట్టు మాత్రం ఇవ్వను."

ఆయన కాగితాలు మడిచి చంకలో మూరబద్దతో పాటు పెట్టుకున్నాడు. మొహం గంటు పెట్టుకుని గోడవంక చూశాడు. "మరి ఈ గీత ఎవరు తుడుస్తారు?" అన్నాడు. నేను తుడుస్తానని తడిగుడ్డ తెచ్చాను. పైన నాకు అందలేదు. కాసేపు చూసి, "ఇటివ్వండి, పడతారు," అని గుడ్డ లాక్కుని పైన ఆయనే తుడిచాడు. పోతూ పోతూ, "మా ఇంట్లో మిషన్ దారం తెంపుతోంది, రేపు పంపనా?" అన్నాడు. "ఈ వారం కుదరదు, పైవారం," అన్నాను. అది కూడా నేనే అన్నాను.

ఆ తర్వాత సూది పట్టాను. నువ్వు చెప్పినచోటే తోక ఉంది. చెరిపాను. తెరిచాను.

మామయ్యగారూ.

ఆ ఒక్క మాటే చదువుతూ చాలాసేపు కూర్చున్నాను. కింద ఏముందో చదవడానికి కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. అన్నీ ఉన్నాయి. నేను చదవని రోజులన్నీ వరసగా ఉన్నాయి. మొదటినుంచి చదివాను.

"మామయ్యగారూ, పక్కింటి పిల్లి మా బియ్యం డబ్బా మీద మకాం పెట్టింది. కదలమంటే కోప్పడుతోంది."

"మామయ్యగారూ, ఇవాళ ప్రెస్సులో చివరి పెద్ద పుస్తకం పేర్చాను. అందరం చేతులు కడుక్కున్నాం, సిరా అంటకపోయినా."

ఆపైన ఆదివారం.

"మామయ్యగారూ, ప్రెస్సు మూసేస్తున్నారు. నాకు ఇంకో ప్రెస్సు అక్కర్లేదు. మీ పని నాకు నేర్పుతారా? మీ అబ్బాయి లారీ ఏ ఊరినుంచైనా బయల్దేరుతుంది, ఆయనకు సమ్మతమే. అత్తయ్యగారి స్టూలు ఖాళీగా ఉంటే అక్కడ కూర్చుంటాను. వద్దంటే ఏమీ అనుకోను."

ఆ కింద, "మామయ్యగారూ, చదివారా?"

మర్నాడు, "మామయ్యగారూ, పిల్లి పిల్లల్ని పెట్టింది. బియ్యం డబ్బా ఇక దానిదే."

ఇంత అడిగి, నా దగ్గర్నుంచి అమ్మేస్తున్నానని ఉత్తరం అందుకుని కూడా నువ్వు నాకు పిల్లి కబుర్లు రాస్తూనే ఉన్నావు. ఒక్క రోజు మానలేదు. నీకు నేనేం చెప్పగలనమ్మా. ఊరిబడిలో ఇంత మాట నేర్పలేదు.

ఇప్పుడు కంప్యూటర్లో ఏది వచ్చినా ముందు పిలుపు చూస్తున్నాను. "మామయ్యగారూ" అని లేకపోతే అది నువ్వు కాదు. పొమ్మంటున్నాను.

స్టూలు మీద సామాను దించాను. ఒక కాలు కుంటుతోంది. కింద చెక్కముక్క సర్దాను. కూర్చుని చూశాను, కదలడం లేదు. వచ్చేవాళ్ళతో నువ్వు మాట్లాడాలి. నేను తల ఎత్తను. "వద్దు" అనడం నాకు ఇప్పుడు చేతనవునని అనుకోకు. మూరబద్ద మీద వాడినదే నాకున్నదంతా. నీ మీద వాడడానికి నా దగ్గర లేదు.

పంతులమ్మగారి మిషన్ అంతా విప్పి, తుడిచి, నూనె వేసి బిగించాను. బాబిన్ కేసు ఒక్కటీ పెట్టలేదు. అది నువ్వు వచ్చి పెట్టు. టక్‌మన్నదీ లేనిదీ నాకు వినపడదు. నువ్వే విని నాకు చెప్పాలి.

మీ మామయ్య